గాజుపెట్టెలో చల్లని మూల

వెలిచ్కాకు పామంటే భయం లేదు, అసహ్యం. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్ళు ఆమె ముందు నోరు విప్పకపోవడమే మంచిది. భయపడేవాళ్ళు కేకపెట్టి కుర్చీ ఎక్కుతారు, ఆమె ఆడపడుచు దోబ్రింకాలాగా. వెలిచ్కా గాజుపెట్టె ముందు నిలబడి, లోపలున్న దాన్ని ఎగాదిగా చూసి, మూతి పక్కకు తిప్పి "థూ" అంటుంది. ఆరేళ్ళుగా రోజుకు నాలుగుసార్లకు తగ్గకుండా అంటూనే ఉంది. పాము ఏనాడూ పట్టించుకోలేదు. పామును ఇంటికి తెచ్చిన మొగుడు అస్పారుహ్ కూడా పట్టించుకోలేదు. ఆమె మంట అదీ.

యాంబోల్ ఊరి చివర ఉన్న కోళ్ళ హేచరీలో ఆమె పంతొమ్మిదో ఏట చేరింది. అది మూతపడేదాకా ముప్పై ఒక్క ఏళ్ళు గుడ్లు పొదిగించింది. అక్కడి ఆడవాళ్ళు గుడ్డు వేడిని కనురెప్పతో చూసేవారు. యంత్రంలోంచి గుడ్డు తీసి, కన్ను మూసి, రెప్పకు ఆనిస్తారు. వెచ్చగా తగిలితే వేడి ఎక్కువైనట్టు. చల్లగా తగిలితే తక్కువైనట్టు. ఏమీ తగలకపోతే, అసలు రెప్ప మీద గుడ్డు ఉందో లేదో తెలియకపోతే, అది సరైన వేడి. దానికి అంకె ముప్పై ఏడున్నర డిగ్రీలు. ఆ అంకె వెలిచ్కాకు తన పుట్టినరోజు కంటే బాగా గుర్తు.

అస్పారుహ్ ఆ హేచరీలోనే ఎలక్ట్రీషియన్. వేడిని అదుపుచేసే థర్మోస్టాట్లు బిగించేది, విప్పేది, తిట్టేది అతనే. "యంత్రం చూసుకుంటుందిలే, నీ కన్ను ఎందుకు పాడుచేసుకుంటావు?" అనేవాడు. "నీ యంత్రానికి రెప్ప ఉందా?" అనేది ఆమె. అలా కొట్లాడుకుని కొట్లాడుకుని పెళ్ళి చేసుకున్నారు. పిల్లలు పుట్టలేదు. ఆ దిగులు ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. లక్షల పిల్లల్ని లేపిన దాన్ని, ఇంకేం కావాలి అని నవ్వేసేది.

తొంభై ఏడు జనవరిలో, దేశం మొత్తం రొట్టె కోసం బారులు తీరిన ఆ చలికాలంలో, ఒక యంత్రం థర్మోస్టాట్ బిగుసుకుపోయింది. అంకె ముప్పై ఏడున్నరే చూపిస్తోంది, లోపల గుడ్లు చల్లారిపోతున్నాయి. కనిపెట్టింది వెలిచ్కా రెప్ప. ఆడవాళ్ళంతా ఇళ్ళకు పరుగెత్తి బొంతలు తెచ్చి కప్పారు. తొమ్మిదివేల పిల్లలు బతికాయి. అప్పుడు అస్పారుహ్ టోపీ తీసి, "నీ రెప్పే గెలిచింది" అన్నాడు. ఒక్కసారే అన్నాడు పాపం. ఆమె మాత్రం పాతికేళ్ళుగా దాన్ని నాలుగిళ్ళకూ పంచుతూనే ఉంది.

ఆ చలికాలం ఆమె బుద్ధిలో ఒక సంగతి మేకులా దిగిపోయింది. చంపేది చలే, ఇంకేదీ కాదు. ఇంట్లో కిటికీ సందులన్నీ దూదితో కూరి, పైన కాగితం అతికించేది. పడగ్గదిని వెచ్చబరిచే నూనె రేడియేటర్ మర అక్టోబరులో చివరిదాకా తిప్పితే ఏప్రిల్ దాకా వెనక్కు తిరిగేది కాదు. ఎదురెదురు కిటికీలు రెండూ ఎవరైనా తీశారంటే, వాళ్ళు తన మెడకు ఉరి తెచ్చారన్నంత గోల.

ఆరేళ్ళ కిందట అస్పారుహ్ ఎవరింట్లోనో వైర్లు మార్చడానికి వెళ్ళాడు. ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు పెట్టె వదిలేసి పోయారట, పెట్టెలో పాము. చలికి తాడులా బిగుసుకుపోయి ఉంటే కోటు లోపల పెట్టుకుని తెచ్చాడు. వంటగది బల్ల మీద, ఆమె బనీత్సా రొట్టెకు పిండి రేకులు పరిచిన బల్ల మీదే, దాన్ని దింపాడు. కుళ్ళిన అరటితొక్క రంగు, మధ్యమధ్య నల్లమచ్చలు, ముంజేయంత లావు. ఆఫ్రికా నుంచి వచ్చే జాతట, విషం లేదట.

"విషం లేకపోతే నెత్తిన పెట్టుకోనా? తీసెయ్ ముందు!" అంది వెలిచ్కా. ఆ రోజు బనీత్సా మొత్తం చెత్తబుట్టలోకి పోయింది.

"మా అమ్మ ఇంట్లో గడప కింద పామొకటి ఉండేది. దాన్ని స్తోపాన్ అనేవాళ్ళం. ఇంటికి అసలు పెద్ద అదే. వీడికీ ఆ పేరే పెడతా."

"ఆహా, ఇన్నాళ్ళూ ఈ ఇంటికి పెద్ద లేడనే కదా నా ఏడుపు!"

అతను చిన్న గదిలో గాజుపెట్టె కట్టాడు. ఒక పక్క అడుగున వేడిచేసే చాప, పైన జాలీ మీద దీపం, పక్కన థర్మోస్టాట్, రెండు చివరలా రెండు థర్మామీటర్లు. దానికి తిండి అని మొదట హేచరీల్లో పారేసే, గడ్డకట్టిన పసుప్పచ్చ మగ కోడిపిల్లల్ని సంచీడు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాడు. వెలిచ్కా కూరమిరపకాయల కోసం తలుపు తీసింది. ముప్పై ఏళ్ళు తను అరచేతిలో ఎత్తుకున్న పిల్లలు కళ్ళు మూసుకుని వరుసగా పడి ఉన్నాయి. సంచీ సంచీగానే మూడో అంతస్తు నుంచి కిందికి పోయింది. ఆ తర్వాత అతను ఎలుకలు తెచ్చాడు. ఎలుకల విషయంలో ఆమె రాజీపడింది. రాజీ అంటే, అవున్న అరను విడిగా సంచులు చుట్టి, వారానికోసారి సోడాతో కడిగి, కడిగినప్పుడల్లా ఓకరించుకోవడం.

అదే చలికాలం అస్పారుహ్ తన దిండు తీసుకుని చిన్న గదిలోకి మారాడు. "వాణ్ని కనిపెట్టుకుని ఉండాలి" అన్నాడు. వెలిచ్కా మెట్ల మీద కనిపించిన ప్రతివాళ్ళకూ, "మా ఆయన పాముతో కాపురం పెట్టాడు" అని చెప్పి నవ్వించేది. తర్వాత ఇంట్లోకొచ్చి, సగం ఖాళీగా ఉన్న మంచం చూసి, ఆ పాము మీద మరికాస్త అసహ్యం పెంచుకునేది. ఒకరోజు గాజుకు మొహం ఆనించి దాంతో అంది కూడా. "నాలో లేనిది నీలో ఏం చూశాడే, చల్లని జిగురుముండా?" పాము నాలుక బయటపెట్టి లోపలికి లాక్కుంది. ఆమెకు ఒళ్ళంతా గీరుకోవాలనిపించింది.

ఈ జనవరిలో అస్పారుహ్‌కు గుండె నాళాలు మూసుకుపోయాయని తేలింది. ప్లోవ్‌దివ్ ఆసుపత్రిలో ఛాతీ తెరిచి బాగుచెయ్యాలన్నారు. ఆదివారం బయల్దేరాలి, వారం పాటు పరీక్షలు, పై గురువారం ఆపరేషన్. సంచీ సర్దుకుని, చివరికి ఒక కాగితం వంటగది గోడకు అతికించాడు. 'వెచ్చని వైపు ముప్పై రెండు. చల్లని వైపు ఇరవై ఐదు. దీపం పొద్దున ఎనిమిదికి వెయ్యి, సాయంత్రం ఎనిమిదికి ఆర్పు. థర్మోస్టాట్ ముట్టుకోకు.' చివరి మాట కింద రెండు గీతలు.

ఇక్కడో సంగతి చెప్పాలి. వెలిచ్కా ఎన్నోసార్లు, పది మంది ముందు, "నువ్వు గడప దాటిన రోజే దీన్ని బాల్కనీలోంచి విసిరేస్తా" అని ఒట్టు పెట్టుకుని ఉంది. అస్పారుహ్ గడప దగ్గర ఆగాడు.

"వెలిచ్కా, విసిరెయ్యకే."

"పో, పో. బస్సు తప్పిపోతుంది."

"నే వచ్చేసరికి వాడుండాలి."

"నువ్వు రా ముందు" అంది ఆమె. టోపీ చెవుల మీదికి లాగి, మఫ్లరు మూడు చుట్లు చుట్టి పంపింది.

కింది అంతస్తులో ఉండే దోబ్రింకా ఆ సాయంత్రమే పైకొచ్చింది. అన్నగారి ఆపరేషన్ మాట అటుంచి, చిన్న గది గుమ్మం దగ్గర నిలబడి, శిలువ గీసుకుని, గాజుపెట్టె వైపు వేలు చూపించింది.

"వదినా, దీన్ని జాగ్రత్తగా చూసుకో. మా నాన్న చనిపోయిన ఏడాది ఏమైందో తెలుసుగా నీకు."

"ఏమైందీ? సారా ఎక్కువైంది."

"సారా కాదు! గడప బాగుచేస్తూ పనివాడు స్తోపాన్‌ని పారతో నరికాడు. నలభై రోజులు తిరక్కుండా నాన్న పోయాడు. ఇంటి పాము ఆయుష్షే ఇంటాయన ఆయుష్షు. అమ్మ ఎప్పుడూ చెప్పేది."

"ఇది గడప కింద పుట్టిందా? ఎవరో దుకాణంలో కొని పారేసిన సరుకు. నోర్మూసుకుని కాఫీ తాగు."

"పేరు పెట్టాడుగా వదినా. పేరు పెట్టాక అదే అవుతుంది."

వెలిచ్కా ఆమె నోట్లో బిస్కత్తు కుక్కి పంపేసింది. నమ్మలేదు. కానీ ఆ మాట, చెప్పులో పడ్డ రాయిలా, ఎక్కడ అడుగేసినా గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు పొద్దున దీపం వెయ్యడానికి వెళ్ళింది. బయట మైనస్ పదకొండు. పాము దీపం లేని వైపు, మూలకు ఒదిగి, ముద్దలా చుట్టుకుని ఉంది. వెలిచ్కా ఆ పక్క గాజు మీద అరచెయ్యి పెట్టి చూసింది. చల్లగా తగిలింది. చలి తగిలిన బ్రూడర్ గూట్లో కోడిపిల్లలు ఇలాగే మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దయిపోతాయి. పొద్దున్నకు అడుగువన్నీ చచ్చి ఉంటాయి. ఆ ముద్ద ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు.

"చల్లని వైపట! కరెంటు మిగల్చడానికి సగం పెట్టెకే వేడి పెట్టాడు పిసినారి" అని గోడ మీది కాగితాన్ని తిట్టింది. ఇంతలో థర్మోస్టాట్ టక్కుమంది, దీపం ఆరిపోయింది. అర నిమిషం ఆగి మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఆరింది. అది తన పని తను చేసుకుంటోందని ఎవరైనా చెప్తే బాగుండేది. ఆమెకు తొంభై ఏడు గుర్తొచ్చింది. "పాడైపోయావన్నమాట, నువ్వు కూడా" అని దాన్ని ఊడబీకి, దీపం తీగను నేరుగా గోడ ప్లగ్గుకు తగిలించింది.

అక్కడితో ఆగితే ఆమె వెలిచ్కా ఎందుకవుతుంది? సెల్లార్‌లో, లెచో పచ్చడి సీసాల వెనక, హేచరీ మూసిన రోజు తెచ్చుకున్న ఎర్రదీపాలు రెండున్నాయి. కోడిపిల్లలకు పెట్టే గుండ్రటి పెద్ద దీపాలు. వాటి దుమ్ము తుడిచి, ఒకటి తెచ్చి చల్లని వైపు జాలీ మీద వేలాడదీసింది. రాత్రనక పగలనక వెలుగుతూనే ఉండాలి. చీకట్లో కోడిపిల్లలు తినవు, బెదిరిపోతాయి. పాము కళ్ళకు రెప్పలుండవని, ఆర్పితే తప్ప దానికి చీకటే లేదని ఆమెకు తట్టలేదు. చిన్న గది కొలిమిలా ఎర్రబడింది.

పాము తిరగడం మొదలుపెట్టింది. అంతవరకు రోజంతా కదలని జంతువు, రాత్రీ పగలూ గాజు పొడవునా అటూ ఇటూ పాకింది. మూతితో మూలలు పొడిచింది. వెళ్ళి నీళ్ళగిన్నెలో కూర్చుంది. నీళ్ళు అంచుల మీదుగా పొర్లి, కింద వేసిన చెక్కపొట్టు తడిసి, గదంతా పాత గోనెసంచీ ముక్కిన వాసన. వెలిచ్కా ముక్కుకు తువ్వాలు కట్టుకుని, పొడుగాటి గరిటెతో ఆ తడి పొట్టు తోడింది. గరిటె పాము పక్కను తాకినప్పుడు లోపల కండ అలలా కదిలింది. ఆ కదలిక గరిటె గుండా ఆమె చేతిలోకి దిగింది. ఆ పూట భోజనం చెయ్యలేకపోయింది.

అస్పారుహ్ రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేవాడు.

"ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉంది నీ పెద్దకొడుకు."

శనివారం, "తిన్నాడా?" అని అడిగాడు.

ఆ పొద్దున్నే ఆమె ఎలుకను వేణ్ణీళ్ళలో కరిగించి, తోక పట్టకారతో పట్టుకుని, మొహం గోడవైపు తిప్పుకుని పది నిమిషాలు ఊపింది. పాము దాని మీదుగా పాకిపోయి మళ్ళీ గాజును పొడిచింది. ఎలుక మెత్తబడి పొట్ట దగ్గర జారడం మొదలయ్యాక వెలిచ్కా పరుగున వెళ్ళి వాంతి చేసుకుంది.

"తింది" అని చెప్పింది ఫోన్‌లో.

"మొత్తం?"

"తోకతో సహా. ఇంక పెట్టెయ్, నర్సులు తిడతారు."

ఫోన్ పెట్టేశాక వంటగదిలో కూర్చుండిపోయింది. తినని జీవానికి ఏం జబ్బో కోళ్ళదాకా అయితే ఆమెకు తెలుసు. చలి. ఇంకేముంటుంది? మంగళవారం రెండో ఎర్రదీపం కూడా తెచ్చింది. పెట్టె మూడు పక్కలా పాత బొంత చుట్టి, గాలి పోయే సందులు తువ్వాలుతో మూసింది. సాయంత్రానికి రెండు థర్మామీటర్లూ ఒకే అంకె చూపించాయి. ముప్పై ఏడున్నర. ఈ చివర, ఆ చివర, ఎక్కడా వీసమెత్తు తేడా లేదు. వెలిచ్కా చేతులు నడుము మీద పెట్టుకుని ఆ అంకెను చూసి మురిసిపోయింది. అంత అసహ్యం మధ్యలో కూడా ఆమెకు గర్వమనిపించింది. "నీ మొగుడు కాదు, నేను పెట్టానే ఈ వేడి" అంది పాముతో.

బుధవారం పాము తిరగడం మానేసింది. హమ్మయ్య, వెచ్చబడింది అనుకుంది వెలిచ్కా.

గురువారం ఎనిమిదింటికి ఆపరేషన్. ఏడున్నరకే దోబ్రింకా పైకొచ్చింది, చేతిలో కొవ్వొత్తి. ఇద్దరూ ఫోన్‌ను బల్ల మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. తొమ్మిదైనా మోగలేదు. మోగదని డాక్టరు ముందే చెప్పాడు, మధ్యాహ్నం దాకా పడుతుందని. అయినా దాన్నే చూస్తూ కూర్చున్నారు. చివరికి దోబ్రింకా లేచి, చిన్న గది తలుపు తోసి, కెవ్వుమంది.

"వదినా! స్తోపాన్ చచ్చిపోతోంది!"

పాము నీళ్ళగిన్నె మీద సగం, కింద సగం వాలిపోయి ఉంది. తల పైకెత్తి నోరు తెరుచుకుని ఉంది. నోట్లోంచి జిగురు తీగ సాగుతోంది. మూతి పైన పొలుసులు రాసుకుపోయి నెత్తురు గడ్డకట్టింది. చుట్టూ ఎర్రటి వెలుగు.

"అన్నయ్య బల్ల మీద ఉన్నాడు వదినా, ఇప్పుడు, ఈ నిమిషం! ఏదో ఒకటి చెయ్యి!"

"ఏం చెయ్యను? ఇంకేం చెయ్యను? ముప్పై ఏడున్నర పెట్టా!" అని అరిచింది వెలిచ్కా. "అంకె చూడు! సరిగ్గా ఉంది!"

అప్పుడామెకు అంకె అబద్ధమాడిన చలికాలం గుర్తొచ్చింది. ఏ అంకెనూ నమ్మకూడదని తనే ఊరందరికీ చెప్పింది. నమ్మదగ్గది ఒకటే. తన రెప్ప.

"దేవుడా, అది మాత్రం వద్దు" అంది పైకే.

అంటూనే జాలీ ఎత్తింది. రెండు చేతులూ లోపల పెట్టి, ఆరేళ్ళలో మొదటిసారి, పామును ఎత్తింది. తడిసిన తోలుసంచీలో మరో ప్రాణి మెలికలు తిరుగుతున్నట్టుంది. బరువుగా, నడుము లేకుండా, చేతుల్లోంచి రెండు పక్కలకూ జారుతోంది. వాసన ముక్కులో గుచ్చుకుంది. దోబ్రింకా అప్పటికే కుర్చీ మీద ఉంది. వెలిచ్కా పళ్ళు బిగించి, కుడి కన్ను మూసి, ఆ మచ్చల పొట్టను రెప్పకు ఆనించుకుంది.

ఏమీ తగల్లేదు.

వేడీ లేదు, చల్లదనమూ లేదు. పొలుసుల గరుకు తప్ప అక్కడేదీ లేనట్టే ఉంది. గుడ్డు లాగా. అంకె అబద్ధమాడలేదు.

"చల్లబడిందా?" దోబ్రింకా కుర్చీ మీంచి ఏడుస్తోంది.

"లేదు. గుడ్డు ఎలా ఉండాలో అలా ఉంది."

"అయితే బాగున్నట్టేగా?"

వెలిచ్కా ఆ పొట్టను ఇంకోసారి రెప్పకు ఆనించుకుంది. ఒకప్పుడు అస్పారుహ్ వేళాకోళానికి ఈ పాము తోకను ఆమె మెడకు తాకించాడు. చల్లగా తగిలిందని అరిచి, అతని వీపు మీద నాలుగు బాదింది. ఇప్పుడు అదే ఒళ్ళు తన నెత్తురంత వెచ్చగా ఉంది. చల్లటి జీవానికి మనిషి వేడి వస్తే దాన్ని ఏమంటారు? జ్వరం అంటారు. గుడ్డు కదలదు, ఎవరు ఎంత వేడి పెడితే అంతే దాని రాత. ఇది కదులుతుంది. పదిరోజులుగా అటూ ఇటూ కదిలి, మూతి పగలగొట్టుకుని, ఒక్క చల్లని మూల కోసం వెతికింది. ఆ మూలను తనే తీసేసింది.

"దీన్ని ఉడకబెట్టేశానే దోబ్రింకా" అంది. "పద్దెనిమిదో రోజు గుర్తులేకుండా పోయింది నాకు."

పద్దెనిమిదో రోజు నుంచి గుడ్డులో పిల్ల తన వేడి తనే పుట్టించుకుంటుంది. అప్పుడు తలుపు తీసి గాలి తగలనివ్వాలి, లేకపోతే పిల్ల తన వేడికే ఉడికి చస్తుంది. తీసీ తియ్యకుండా, కొంచెం కొంచెంగా తియ్యాలి. ఇది హేచరీలో ఊడ్చే మనిషికి కూడా తెలుసు. వెలిచ్కా కాలితో తన్ని బొంత ఊడదీసింది. "దిగు కిందికి! దీపాలు పీకు! కిటికీ తియ్యి!"

"చలిగాలి వదినా!"

"తియ్యమన్నానా! వేలెడు తియ్యి, అంతే. అటు వంటగదిది కూడా."

వంటగదిలో దూది, కాగితం చిరుగుతున్న చప్పుడయింది. ఆ ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా కలవని రెండు గాలులు కలిశాయి. వెలిచ్కా పామును ఒళ్ళో వేసుకుని నేల మీద కూర్చుని, నూలుగుడ్డ గోరువెచ్చని నీళ్ళలో తడిపి దాని వీపు పొడవునా తుడిచింది. పావుగంట గడిచాక నీళ్ళు కొంచెం చల్లవి. మరో పావుగంటకు ఇంకొంచెం. తుడుస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది. పామును, అస్పారుహ్‌ను, ఆఫ్రికాను, తన రెప్పను. మధ్యలో పాము ఒక్కసారి ఒళ్ళంతా బిగించి, పదిరోజుల మలమంతా, సున్నంలా తెల్లగా, బురదలా నల్లగా, ఆమె గౌను మీద వదిలేసింది. ఆ కంపుకు దోబ్రింకా బాల్కనీలోకి పారిపోయింది. వెలిచ్కా కళ్ళలోంచి నీళ్ళు కారాయి. లేవలేదు. గుడ్డ మళ్ళీ తడిపింది.

పదకొండు దాటాక పాము నోరు మూసింది. మెల్లగా నాలుక ఆడించింది. ఆమె ఒళ్ళోంచి జారి, నేల మీద, కిటికీ కింది చల్లని పలకల దగ్గరకు పాకి చుట్టుకుంది.

"థూ" అంది వెలిచ్కా, ఏడుస్తూ.

ఒంటిగంటకు ఫోన్ మోగింది. ఆపరేషన్ అయింది, మనిషి బతికే ఉన్నాడు, ఇంకా మెలకువ రాలేదు. దోబ్రింకా మోకాళ్ళ మీద పడి, "చూశావా వదినా, చూశావా!" అంది. వెలిచ్కా స్నానాల గదిలోకి వెళ్ళి, ఆ గౌను విప్పి చెత్తసంచీలో కట్టి, ఒళ్ళు ఎర్రబడేదాకా సబ్బుతో మూడుసార్లు రుద్దుకుంది. కుడి రెప్పను నాలుగుసార్లు. తర్వాత థర్మోస్టాట్ తెచ్చి ఉన్నచోటే తగిలించి, గోడ మీది కాగితం పక్కన పెట్టుకుని, ఒక్కొక్క మాటా చదువుతూ అన్నీ సరిచేసింది.

ఆదివారం అస్పారుహ్ స్వయంగా మాట్లాడాడు. గొంతు సన్నగా, ఎక్కడో గోడవతల నుంచి వస్తున్నట్టుంది.

"వాడు తిన్నాడా?"

వెలిచ్కా తువ్వాలు అంచు నలిపింది. "లేదు. శనివారం కూడా తినలేదు, నీతో అబద్ధం చెప్పా. థర్మోస్టాట్ పీకేశా. పెట్టె మొత్తం ఒకే వేడి పెట్టా. చంపబోయా దాన్ని. ఇప్పుడు బాగుంది, వెటర్నరీ ఆయన్ను పిలిచి మూతికి మందు రాయించా."

"ఎంత పెట్టావు?"

"ముప్పై ఏడున్నర."

అస్పారుహ్ నవ్వబోయి, కుట్లు లాగి, "అమ్మా" అన్నాడు. మళ్ళీ నవ్వాడు. "పాపం వాడు. పదిరోజులే ఉన్నాడు. నేను నీ పడగ్గదిలో ముప్పై ఏళ్ళున్నా."

"ఏమన్నావు?"

"ఊపిరాడదే నాకు అక్కడ. ఆరేళ్ళ నుంచీ, ఈ గుండె బరువెక్కినప్పటి నుంచీ. రాత్రి లేచి కూర్చునేవాణ్ని. చిన్న గదిలో నీకు తెలియకుండా కిటికీ కొంచెం తీసుకోవచ్చని..."

"పాము కోసం వెళ్ళానన్నావు!"

"వేడి కోసమంటే నువ్వు ఒప్పుకుంటావా? ఓసారి కిటికీ తీశా, గుర్తుందా? చలిగాలి కొట్టి చస్తావని మఫ్లరు చుట్టి, ఇంకో బొంత కప్పావు."

ఆమెకు గుర్తుంది. తన ప్రేమంతా ఆ బొంతలోనే ఉందనుకుంది అప్పుడు. ఆరేళ్ళు పామును తిట్టింది, మొగుణ్ణి తిట్టింది, మెట్ల మీద అందర్నీ నవ్వించింది. ఫోన్ పెట్టేశాక పడగ్గదిలోకి వెళ్ళింది. గుమ్మంలోనే వేడి మొహానికి కొట్టింది. ఇన్నేళ్ళూ అది తగిలిందే లేదు. ఆ గది మీద, తన మీద, ఆమెకు ఎన్నడూ పాము మీద కూడా కలగనంత అసహ్యం కలిగింది.

ఫిబ్రవరి రెండో వారం, మధ్యాహ్నం వేళ, అస్పారుహ్ ఇంటికొచ్చాడు. సగం మనిషయ్యాడు. బరువులెత్తకూడదు, వంగకూడదు. తిన్నగా చిన్న గదికి వెళ్ళి గాజు మీద వేలితో తట్టాడు. పాము చల్లని వైపు, మూలలో, ముద్దలా చుట్టుకుని ఉంది.

"చూశావా, ఎంత హాయిగా పడుకున్నాడో!"

"చూశా. ఎలుక కరుగుతోంది వేణ్ణీళ్ళలో. నువ్వు వంగకూడదుగా, నేనే ఊపి చావాలి" అంది వెలిచ్కా. ఊపింది. మొహం గోడవైపు తిప్పుకునే ఊపింది. పట్టకార చివర ఒక్క కుదుపు. ఎముకలు నలుగుతున్నట్టు సన్నని చప్పుడు. ఆమె వీపు నిలువునా గగుర్పొడిచింది. "తింటోందా?" అని అడిగింది వెనక్కు తిరక్కుండా. "తింటున్నాడు" అన్నాడు అస్పారుహ్. అతని గొంతులో సంతోషానికి ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది. చేతులు మోచేతుల దాకా కడుక్కుంది.

అస్పారుహ్ కాసేపు నడుం వాలుస్తానని చిన్న గదిలోని తన మంచం కోసం చూశాడు. మంచం మీద పరుపు లేదు. దిండూ లేదు.

"అటు" అంది వెలిచ్కా, పడగ్గది వైపు గడ్డం ఊపి.

రేడియేటర్ ఆమె పక్కకు జరిగి ఉంది, మర సగానికి తిప్పి ఉంది. మంచంలో ఆమె సగం మీద రెండు బొంతలు, అతని సగం మీద ఒక్క దుప్పటి. అతని వైపు కిటికీ వేలెడు తెరిచి ఉంది. సందులోంచి తెర చిన్నగా కదులుతోంది.

"కిటికీ ఎవరు తీశారు?"

"గాలికి తెరుచుకుంది. పడుకో."

అతను పడుకున్నాడు. రెండు నిమిషాల్లో నిద్రపోయాడు, నోరు కొంచెం తెరుచుకుని. వెలిచ్కా ఉన్ని చొక్కా మీద ఇంకో ఉన్ని చొక్కా వేసుకుని, బొంతల్లో దూరి, చలికి తిట్టుకుంటూ అతని పక్కన పడుకుంది. చాలాసేపు అతని ఊపిరి వింది. తర్వాత దుప్పటి మీద పడి ఉన్న అతని చెయ్యి మెల్లగా ఎత్తి, కుడి కన్ను మూసి, గుడ్డు వేడి చూసినట్టు, మణికట్టును రెప్పకు ఆనించుకుంది.

ఏమీ తగల్లేదు.